తాడు పట్టేవాడు

చలిజ్వరం నన్ను వదిలిపోతూ పోతూ నా పాలు కూడా పట్టుకుపోయింది.

నా బిడ్డ కృపావరానికి అప్పటికి బోర్లపడటం కూడా రాలేదు. మార్కాపురం నుంచి మిషను దొరసాని పంపించిన డబ్బాపాలు పడితే కక్కేది. మేకపాలు పడితే విరేచనాలు. గిద్దలూరు దాటి రైలు నల్లమలలోకి ఎక్కే చోట, లైను పక్కనే మా పాక. అందులో సగం బడి, సగం కాపురం. మా ఆయన ఏలీయా ఆ బడికి పంతులు, ఆ చుట్టుపక్కల ఉన్న నాలుగు గ్యాంగుకూలీల ఇళ్ల సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆయన మోకాళ్లూనేవాడు. నేనూ ఊనేదాన్ని గానీ, నా చెవి ప్రార్థన మీద ఉండేది కాదు, బిడ్డ ఊపిరి మీద ఉండేది. ఏడుపు ఆగితే ఇంకా భయం.

దాసమ్మ మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చింది కుంకుడుకాయలిచ్చి ఉప్పు తీసుకుపోదామని. లోపలి అడవిలో చెంచుల గూడెం ఆమెది. చంకలో ఆమె కొడుకు, గుమ్మడికాయలాంటి వాడు. నా బిడ్డ ఏడుపు విని ఉప్పు సంగతి మరిచిపోయింది.

"ఆకలేడుపు గదా అది! నీకు పాలు లేవా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఇట్ల తే."

గడప మీద కూర్చుని, కొడుకును నేల మీదికి దించి, కృపను తీసుకుని రొమ్ముకు పెట్టుకుంది. బిడ్డ గుటకలు వేసే చప్పుడు ఆ గదిలో ఎన్నాళ్ల తర్వాత విన్నానో! అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె నా వంక చూసి, "నువ్వేడుస్తావెందుకు? దీనికిచ్చినా, నీక్కూడా ఇయ్యలేను గదా" అంది.

అప్పటినుంచి పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలుతుండగా ఒకసారి వచ్చేది. పగలంతా పలచటి గంజినీళ్లతో నెట్టుకొచ్చేదాన్ని. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఏమిచ్చినా ఉప్పు తప్ప ఇంకేమీ తీసుకునేది కాదు. మరి నా దగ్గర ఇచ్చుకోవడానికి ఏముంది, తెలిసిన కథలే. మిషను బోర్డింగు బడిలో ఐదో తరగతి మధ్యలో ఉండగా మా అమ్మ పోతే, వంటకు మనిషి లేదని మా నాయన నన్ను దొనకొండకు తీసుకుపోయాడు. ఆ సగం చదువులో నాకు మిగిలింది ఏసుక్రీస్తు కథలు. బిడ్డ పాలు తాగుతున్నంతసేపూ అవే చెప్పేదాన్ని.

ఒకరోజు దాసమ్మ అడిగింది. "అది సరే గానీ, ఏసు మీకేమైతాడు?"

"దేవుడు."

"దేవుడని చెప్పినావులే. వరసేందంటున్నా."

నాకు అర్థం కాలేదు. ఆమే విప్పి చెప్పింది. "శ్రీశైలం మల్లన్న ఉండాడే, మా చెంచుపిల్లను చేసుకున్నాడు. మాకు అల్లుడు. అందుకే తొలితేనె ఆయనకు పెడతాం. అల్లుడు అలిగితే ఎవరికి నష్టం? మన పిల్లకే గదా."

అలాంటి మాటలకు బోర్డింగులో మాకు జవాబులు నేర్పించారు. అన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ నా బిడ్డ ఆమె రొమ్ము మీద ఉంది. భయపడి మింగేశాను. ఆ మాటలు మింగాను కాబట్టే ఆమె మాట నాకు వినపడిందని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను.

"ఏసుకు పెండ్లాం ఎవరు?" అంది.

"లేదు. పెళ్లి కాలేదు."

"అయ్యో పాపం. ఎవరూ పిల్లనియ్యలేదా?"

జ్వరం తగ్గాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. "చెల్లెళ్లున్నారు" అన్నాను. "ఊళ్లోవాళ్లు ఆయన్ని తీసిపారేసేటప్పుడు, ఈయన చెల్లెళ్లు మన మధ్యనే లేరా ఏంది అంటారు."

"చెల్లెండ్లకు పెండ్లిండ్లు అయినాయా?"

"అయ్యే ఉంటాయి."

దాసమ్మ ముఖం విప్పారింది. "అట్ల చెప్పు మరి! వాళ్ల మొగుళ్లకు తాడు పట్టినోడన్నమాట!"

తేనె దించడానికి మగవాడు కొండబండ అంచునుంచి నారతాడు మీద లోయలోకి వేలాడతాడు. పైన ఆ తాడు ఒకడు పట్టుకోవాలి. ఆ పట్టేవాడు పెండ్లాం తోడబుట్టినవాడే కావాలి. వేరే ఎవరి చేతికీ ఇవ్వరు. తాడు జారితే ముండమోసేది వాడి చెల్లెలే కాబట్టి వాడు జారనివ్వడు.

"దిగేవాని సొంత అన్న పట్టుకుంటే?" అన్నాను.

దాసమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అన్నదమ్ములకా! పొరపాటున కూడా ఇయ్యరు. వాడు చస్తే వాని పెండ్లాం యాడికి పోతాది? అన్న గుడిసెకే. ఎంత మంచోడైనా ఆ ఆశ చేతికి తగలనీయగూడదు. నా మొగుడు బయన్న దిగితే మా అన్న పెద్దన్నే పట్టాల." బిడ్డను రెండో పక్కకు మార్చుకుంటూ ఏదో లెక్క తేల్చినట్టు అంది. "ఇంక మీ ఏసును నేను అన్నా అంటా. తాడు మీద ఒక చెయ్యి పెద్దన్నది, ఒక చెయ్యి ఆయనది. మంచిదే గదా?"

మంచిదే అన్నాను. ఇన్నాళ్ల మా ఆయన బోధలో గూడెం మనిషి ఒక్కరు కూడా ఏసును ఏ వరసా పెట్టి పిలవలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన అంబలి తాగుతుంటే పొంగిపోతూ ఇదంతా చెప్పాను. ఆయన గిన్నె కింద పెట్టేశాడు.

"తాడు! రాహేలూ, ఎంత గొప్ప దృష్టాంతం! రాజరత్నం అయ్యగారు ఈ నెలలో వస్తున్నారు. ఆయన ముందర గూడెంలో దీన్నే బోధిస్తా."

"బోధించు. కానీ అన్న, సోదరుడు అని మాత్రం అనొద్దు. దాసమ్మకు అన్న అంటే సరిపోతాది. బయన్నకు అన్న అంటే ముంచినట్టే. బయన్నకు బామ్మర్ది అనాల."

ఆయన పకపకా నవ్వాడు. "ఏమే, ఉపదేశి లేచి, ఓ బామ్మర్దీ, మారుమనస్సు పొందు అనాల్నా? అయ్యగారు ఆ రైల్లోనే వెనక్కి పోతాడు."

"నవ్వులాటకు కాదు నేను చెప్పేది."

"క్రీస్తునందు అందరం సోదరులమే. వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పాల గానీ, వాళ్ల వరసలకు కత్తిరించి చెబుతామా?" అని గిన్నె ఎత్తాడు. మంచివాడే మా ఆయన. వినడు, అంతే.

రాజరత్నం అయ్యగారు మార్కాపురం సంఘానికి పాస్టరు. ఆయన నల్లకోటూ గొడుగుతో రైలు దిగిన రోజుకు గూడెం దిగులుగా ఉంది. పెద్దన్నకు చలిజ్వరం. తేనెపట్లు నిండి ఉన్నాయి, పడమట మబ్బులు కడుతున్నాయి, వాన పడితే తేనె పోయినట్టే. దిగడానికి బయన్న సిద్ధంగా ఉన్నాడు, తాడు పట్టడానికి మనిషి లేడు. గుడిసెల ముందు తాడు చుట్ట పెట్టుకుని అందరూ దాని చుట్టూ కూర్చుని ఉన్నారు.

అయ్యగారు ప్రార్థన చేశాడు. మా ఆయన లేచి బోధ మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు, అబద్ధమెందుకు? లోయ గురించి చెప్పాడు, పాపం లోయ అన్నాడు, తాడు పట్టిన చెయ్యి గురించి చెప్పాడు. గూడెం వాళ్లు ముందుకు జరిగి విన్నారు. దాసమ్మ ఒక గుంజకు ఆనుకుని కృపకు పాలిస్తూ నా వంక చూసి, మా అన్న సంగతేగా అన్నట్టు తల ఎగరేసింది.

అంతటితో కూర్చుని ఉంటే బాగుండేది. ఆయన వంగి తాడుచుట్ట ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"బయన్నా, మనిషి లేడని దిగులెందుకు? నేను పడతా. క్రీస్తునందు నేను నీ సొంత అన్నను!"

అయ్యగారు "ఆమెన్" అన్నాడు.

అందరి కళ్లు ముందు ఆయన మీదికి పోయాయి, ఆ తర్వాత దాసమ్మ రొమ్ము దగ్గరున్న ఆయన బిడ్డ మీదికి. దాసమ్మ బిడ్డ నోట్లోంచి రొమ్ము విడిపించుకుంది. పైట సర్దుకుని, కృపను తెచ్చి నా ఒడిలో పెట్టి, గుడిసెలోకి పోయింది. బయన్న లేచి మా ఆయన భుజం మీది తాడు మెల్లగా తీసుకున్నాడు. కోపం కూడా చూపలేదు. మోచేతికీ అరచేతికీ మధ్య దాన్ని చుట్టుకుంటూ నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు అయ్యగారు, "మౌనంగా అయిపోయారు చూడు, గుండెల్లో దిగింది" అని సంతోషించాడు.

దాసమ్మ ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. డబ్బాపాలు మళ్లీ పట్టాను, మళ్లీ కక్కింది. బిడ్డ నడినెత్తి లోపలికి గుంటపడింది. ఏడుపు సన్నగిల్లి పిల్లికూనలా మూలిగేది. ఇక ఆగలేక చంకనేసుకుని గూడేనికి నడిచాను.

బయన్న తల్లి ముసలమ్మ గుడిసె ముందు ఇప్పపూలు ఎండబోస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు.

"దాసమ్మక్క ఉందా?"

"అక్కా?" ముసలమ్మ చేతులు దులుపుకుంది. "నువ్వు అక్కా అంటివి. అంటే నీ మొగుడు దానికి మరిది. ఇప్పుడు ఆయనొచ్చి నా కొడుక్కి అన్ననంటాడు. అంటే దానికి బావ. యాడ తిరిగినా నా కోడలి మీదికే వస్తాండాదే మీ ఇంటి వరస! ఇయ్యాల తాడడిగినాడు. రేపు ఏమడుగుతాడు?"

"ఆయన మనసులో అట్లాంటిదేమీ లేదు పెద్దమ్మా. తెలియక..."

"లేదని నాకు తెల్దా? ఆ మనిషి మొగం చూస్తే తెలీదా? కానీ నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే విరుగుడు కావాల. ఆ మాటిని నా కొడుకు రొండు పొద్దులు బువ్వ తిన్లేదు." గుడిసె తడికె వెనక దాసమ్మ కొడుకు కేరింతలు వినపడుతున్నాయి. ఆమె అక్కడే ఉంది. రావడం లేదు. ముసలమ్మ నా బిడ్డ వంక చూసి గొంతు తగ్గించింది. "పెద్దన్న లేచినాడు. రేపు తేనె దిగుతాది. తొలితుట్టె మల్లన్న ముందర పెట్టి తోబుట్టువులు పంచుకొని తింటారు. మీ ఆయన్ని వచ్చి, దాసమ్మను చెల్లీ అని పిలిచి, ఆ పంపకంలో తిని పొమ్మను. అప్పుడాయన మాకు బామ్మర్ది. ఇంక ఎవురి నోరూ లేవదు."

ఇంతేనా అనిపించింది. పరిగెత్తినట్టే ఇంటికి వచ్చాను.

"చెల్లీ అంటా" అన్నాడు ఆయన. "వందసార్లు అంటా. చీర కూడా పెడతా. తేనె మాత్రం తినను. అది విగ్రహం ముందర పెట్టింది."

"అంగట్లో అమ్మే మాంసం విగ్రహానికి పెట్టిందా అని అడక్కుండా తినమన్నాడు గదా బైబిల్లో పౌలు?"

"అడక్కుండా అన్నాడు! మనకు తెలుసు గదా. తెలిస్తే తినొద్దన్నది కూడా ఆయనే, ఆ పక్కనే. నీకు సగమే నేర్పినారు."

"అవును, సగమే. మిగతా సగానికి మా అమ్మ చచ్చిపోయింది. దీనికి పాలిచ్చే అమ్మ కూడా దూరం కావాల్నా?"

ఆయన ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. "నా బిడ్డ కాదా అది? నీకు తెలీదు రాహేలూ. మా నాయన పలకరాయి గనిలో రాళ్లు మోసినాడు. ఊరి బావికాడ ఎవరో ఒకరు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినోళ్లం. ఈ వాక్యమే నన్ను మనిషిని చేసింది. దీంట్లో ఒక్క ముక్క నాకు పనికొచ్చినట్టు ఒంచుకుంటే, ఇంక నాకేం మిగులుతాది?"

ఆయన మాట అబద్ధమని ఇప్పటికీ అనలేను. కానీ నా చేతుల్లో బిడ్డ బరువు రోజురోజుకీ తగ్గుతోంది.

మర్నాడు ఆయన బడిలో ఎక్కాలు చెప్పిస్తుండగా నేను బిడ్డనెత్తుకుని వెళ్లాను. గూడెమంతా పసుపు రాసిన ఒక రాయి చుట్టూ చేరి ఉంది. బయన్న చేతుల నిండా ఈగకాట్లు, పెద్దన్న అరచేతుల్లో తాడు కోసుకుపోయిన గీతలు. మోదుగాకులో తేనెతుట్టె రాయి ముందర ఉంది.

"ఆయన యాడ?" అంది ముసలమ్మ.

"రాడు. ఆయన పెండ్లాన్ని, ఆయనకు బదులు వచ్చినా." తడికె దగ్గర నిలబడిన దాసమ్మ వైపు తిరిగి అందరికీ వినపడేట్టు పిలిచాను. "వదినా! నీ అన్నకు వచ్చేదానికి కుదర్లేదు. నా చేతిలో పెట్టు."

ముసలమ్మ వేళ్ల మీద వరసలు లెక్కపెట్టుకుంది. "మొగుడు తింటే పెండ్లాం కడుపు నిండదు గానీ, పెండ్లాం తింటే మొగుడు తిన్నట్టే. పెట్టే!" అంది. పెద్దన్న పెద్దగా నవ్వాడు. దాసమ్మ తుట్టె విరిచి నా అరచేతిలో పెట్టింది. తిన్నాను. మైనం పళ్లకు అతుక్కుంది. ఏసయ్యా, నువ్వు చూస్తూనే ఉన్నావుగా అనుకున్నాను, అంతే. నేను మింగేలోపే దాసమ్మ నా చంకలోంచి బిడ్డను లాక్కుంది.

ఆయనకు నేనే చెప్పాను. ఆయన కేక వేయలేదు. బిడ్డ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, "అయ్యగారికి నేను చెప్పాల. దాస్తే ప్రభువు బల్ల దగ్గర నిలబడలేను" అన్నాడు.

ప్రభువు బల్ల ఆదివారానికి, అంటే సంఘమంతా రొట్టె పంచుకునే రోజుకు, అయ్యగారు మళ్లీ వచ్చాడు. ఆరాధనకు ముందే నన్ను పక్కకు పిలిచి, "తప్పయిందని సంఘంలో లేచి ఒక్క మాట అనమ్మా. ఈ పూటే మళ్లీ బల్లకు చేర్చుకుంటాం" అన్నాడు. మెత్తగానే అన్నాడు. నాకు తప్పనిపించలేదు. అనిపించనిది ప్రభువు ముందు ఎలా పలకను? తల వంచుకుని నా చోట కూర్చున్నాను.

పాట ఎత్తుకునేసరికి గుమ్మంలో నీడలు పడ్డాయి. దాసమ్మ, బయన్న, వెనక ముసలమ్మ, పెద్దన్న. బామ్మర్ది ఇంట్లో పండగంట కదా అని వచ్చారు. ఆ పాక కట్టినప్పటినుంచి గూడెం మనిషి లోపలికి వచ్చి కూర్చోవడం అదే మొదలు. మా ఆయన ఇంకా గట్టిగా పాడాడు. ఆ సంతోషం నేను చూశాను.

అయ్యగారు రొట్టె విరిచాడు. పళ్లెం పట్టుకుని మా ఆయన వరస వెంబడి వస్తున్నాడు. గ్యాంగుమేస్త్రి భార్య ఏసమ్మకు ఇచ్చాడు. నా ముందుకు వచ్చాడు. పళ్లెం ఆగలేదు. నా పక్కనున్న ఆమె ముందు ఆగింది.

"అన్నా!" వెనకనుంచి దాసమ్మ గొంతు. "వదినకు పెట్టలే. మరిచినావు."

ఆయన పళ్లెం తర్వాతి మనిషి ముందుకు జరిపాడు. నా వైపు తిరగలేదు.

"అన్నా, నిన్నే! వదినకు పెట్టలే."

అయ్యగారు పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. అడవిలో ఒక్క ఉడుము దొరికినా గూడెంలో ప్రతి గుడిసెకూ వాటా పోతుంది. పంపకంలో మనిషిని దాటేయడం వాళ్లు ఎరగరు. పాట అయ్యేసరికి బయన్న, ముసలమ్మ, పెద్దన్న గుమ్మంలో లేరు. దాసమ్మ ఒక్కతే బయట గోడనీడలో కూర్చుని ఉంది. చేతులు చాచింది, బిడ్డకు పాలవేళ అయింది కాబట్టి.

"ఏం తప్పు చేసినావు వదినా?"

నిజం చెబితే ఆమె చేత్తో పెట్టిన తేనె మైల. చెప్పకపోతే, ఏ కారణమూ లేకుండా ఇంటి కోడల్ని పస్తు కూర్చోబెట్టే దేవుడు మా దేవుడు.

"తేనె తిన్నందుకా?"

నేను నేల చూశాను. ఆమె కాసేపు బిడ్డ జుట్టు నిమిరింది.

"మీ ఏసు పెట్టొద్దన్నాడా, మీవాళ్లే పెట్టలేదా?"

"మావాళ్లే."

"అట్లయితే ఆయన్నేమీ అననులే." బిడ్డ మూతి తుడిచి నా ఒడిలో పెట్టింది. "బిడ్డను పొద్దున గూడేనికి ఎత్తుకరా. పాలిస్తా. ఈ గడప మాత్రం నేను తొక్కను."

అన్నట్టే, వానలు పడి కృప సంకటి నాకడం నేర్చేదాకా పాలిచ్చింది. ఏసు మాట నేను ఎత్తలేదు, ఆమె అడగలేదు. ఆ తర్వాత మమ్మల్ని దొనకొండ వైపు బదిలీ చేశారు.

పోయే ముందు మార్కాపురంలో సంఘాల కూటం జరిగింది. మా ఆయన లేచి నిలబడి, "ఆ గూడెంలో ఒక్క ఆత్మ కూడా దక్కలేదు. వాళ్ల మనసులు బండరాళ్లు" అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చుట్టూ అయ్యో అన్నారు. ఆడవాళ్ల వరసలో నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ కృప బుగ్గలు రెండూ పుణికి ముద్దుపెట్టుకుంది.

"ఎంత నిండుగా ఉందమ్మా బిడ్డ! అడవిలో ఏం పాలు పట్టినావు?"

"చెంచుల పాలు" అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుని, పైటచెంగుతో మెల్లగా మూతి తుడుచుకుంది.